పరదేశుల పొరుగింట జేన్ ఆడమ్స్

రూతు కథ మనందరికీ తెలిసిందే. మోయాబు దేశం నుండి అత్త వెంట బేత్లెహేముకు వచ్చిన ఆ విధవరాలు పూట గడవడం కోసం పొలంలో పరిగె ఏరుకోవడానికి వెళ్లింది. పొలం యజమాని బోయజు ఆమెను తరిమేయలేదు. అంతటితో ఆగి ఉంటే అది మామూలు దయే. కానీ ఆయన తన పనివాళ్లకు రెండు మాటలు చెప్పాడు. పనల్లోంచి కొన్ని పిడికిళ్లు కావాలనే జారవిడవమన్నాడు. ఆమెను ఒక్క మాట కూడా అని సిగ్గుపరచవద్దన్నాడు. పరదేశి ఆకలి చూడడానికి కళ్లుంటే చాలు. ఆ పరదేశి అభిమానాన్ని కూడా చూడాలంటే దేవుని మనసు కావాలి. మీరూ ఐగుప్తులో పరదేశులుగా బతికినవాళ్లే కనుక పరదేశి మనసు ఎలా ఉంటుందో మీకు తెలుసునని నిర్గమకాండము 23వ అధ్యాయంలో దేవుడు తన ప్రజలకు గుర్తు చేసింది ఇందుకే.

దానం చేయడం మనకు తెలుసు. ఎదుటివాడి మనసెరిగి చేయడమే కష్టం. ఆ కష్టమైన పాఠాన్ని దాదాపు 46 ఏళ్లపాటు వలసవాసుల పేటలో కాపురముండి నేర్చుకున్న ఒక స్త్రీ జీవితాన్ని ఈ వారం మనం తలచుకుందాం. ఆమె పేరు జేన్ ఆడమ్స్. సమాజ సేవను ఒక వృత్తిగా, ఒక శాస్త్రంగా చదువుకునే వాళ్లంతా ఈనాటికీ మొదట చదివే పేర్లలో ఆమెది ఒకటి.

1860 సెప్టెంబరు 6న అమెరికాలోని ఇల్లినాయిస్ రాష్ట్రంలో సీడర్‌విల్ అనే చిన్న ఊళ్లో జేన్ పుట్టింది. తండ్రి జాన్ ఆడమ్స్‌కు పిండి మిల్లు, బ్యాంకు ఉండేవి. ఆయన రాష్ట్ర శాసనసభలో సెనేటర్, అబ్రహాం లింకన్‌కు స్నేహితుడు. తొమ్మిది మంది పిల్లల్లో జేన్ ఎనిమిదవది. రెండేళ్ల వయసులోనే తల్లి చనిపోయింది. నాలుగేళ్లప్పుడు వెన్నెముకకు క్షయ సోకింది. ప్రాణం దక్కింది కానీ వెన్ను వంగిపోయింది, తల ఒక పక్కకు ఒరిగిపోయింది, నడకలో వంకర వచ్చింది.

తండ్రి ఆదివారాలు గుడిలో పెద్దలకు బైబిలు తరగతి చెప్పేవాడు. మంచి ఎత్తరి, అందగాడు. పై ఊళ్ల నుండి కొత్తవాళ్లు వచ్చినప్పుడు, ఈ వంకర పిల్ల ఆయన కూతురని వాళ్లకు తెలిస్తే నాన్నకు ఎంత తలవంపులో అని ఆ చిన్నది తల్లడిల్లేది. అందుకని గుడి నుండి వచ్చేటప్పుడు నాన్న పక్కన నడవకుండా చిన్నాన్న చేయి పట్టుకుని నడిచేది. ఒకరోజు పక్క పట్టణంలో రద్దీగా ఉన్న వీధిలో తండ్రి ఆమెకు ఎదురుపడ్డాడు. ఆయన అంతమంది ముందు తన పొడవాటి పట్టు టోపీ తీసి, గొప్పింటి స్త్రీకి చేసినట్టు తల వంచి కూతురికి నమస్కరించాడు. ఆ ఒక్క నమస్కారంతో ఆ పిల్ల గుండెలోని బరువు దిగిపోయింది. సిగ్గుపడేవాళ్లకు బహిరంగంగా ఇచ్చిన గౌరవం ఎంత పని చేస్తుందో జేన్ అలా చిన్ననాడే తెలుసుకుంది. ఈ సంగతి మనం గుర్తుంచుకుందాం, ముందు దీనితో పని ఉంది.

రాక్‌ఫర్డ్‌లోని మహిళా సెమినరీలో ఆమె చదువుకుంది. మిషనరీలను తయారు చేసే బడిగా దానికి పేరు. ఉపాధ్యాయినులు ఆమెను కూడా ఆ దారిలోకి తేవాలని గట్టిగా ప్రయత్నించారు. తన లోపల కలగని అనుభవాన్ని కలిగిందని చెప్పడం ఆమెకు చేతకాలేదు. మనసుతో నిజాయితీగా ఉండాలని తండ్రి నేర్పిన పాఠం అది. మరికొన్నేళ్లకు, ఎవరి ఒత్తిడీ లేకుండా, తన ఊరి ప్రెస్బిటేరియన్ సంఘంలో బాప్తిస్మం తీసుకుంది. సామాన్యులైన విశ్వాసులతో కలిసి నిలబడాలన్న కోరికే తనను అక్కడికి నడిపించిందని తరువాత రాసుకుంది.

1881లో చదువు ముగిసిన కొద్ది వారాలకే తండ్రి హఠాత్తుగా చనిపోయాడు. డాక్టరు కావాలని ఫిలడెల్ఫియాలోని వైద్య కళాశాలలో చేరితే, వెన్ను నొప్పి తిరగబెట్టి కొద్ది నెలల్లోనే చదువు మానేయవలసి వచ్చింది. చేతిలో ఆస్తి ఉంది, చదువు ఉంది, చేయడానికి పని లేదు. ఆరోగ్యం కోసమని 1883లో యూరప్ ప్రయాణం కట్టింది. లండన్ తూర్పు పేటలో ఒక శనివారం రాత్రి ఆమె చూసిన దృశ్యం మనసులో నాటుకుపోయింది. వారమంతా అమ్ముడుపోని, కుళ్లిపోతున్న కూరగాయలను బండి మీద వేలం వేస్తున్నారు. చిరుగుల బట్టల్లో ఉన్న జనం చేతులు పైకెత్తి అరుస్తున్నారు. క్యాబేజీ దక్కించుకున్న ఒకడు దాన్ని కడగకుండా, వండకుండా అక్కడే కూర్చుని తినేశాడు. ఆ పైకెత్తిన చేతులు ఆమెను ఏళ్ల తరబడి వెంటాడాయి.

అయినా దారి వెంటనే దొరకలేదు. ఐదేళ్లు గడిచాక, 1888లో మళ్లీ లండన్ వెళ్లినప్పుడు టాయిన్‌బీ హాల్ చూసింది. శామ్యూల్ బార్నెట్ అనే ఆంగ్లికన్ పాస్టరు 1884లో దాన్ని స్థాపించాడు. విశ్వవిద్యాలయాల్లో చదువుకున్న యువకులు అక్కడ పేదవాళ్ల మధ్యే నివసించేవారు. దూరం నుండి వచ్చి ఇచ్చిపోవడానికీ, పక్కింట్లో ఉండడానికీ ఉన్న తేడా జేన్‌కు అక్కడ తెలిసింది. మరుసటి సంవత్సరం 1889 సెప్టెంబరు 18న, స్నేహితురాలు ఎలెన్ గేట్స్ స్టార్‌తో కలిసి షికాగోలోని హాల్‌స్టెడ్ వీధిలో ఒక పాత ఇంట్లో దిగింది. చార్లెస్ హల్ అనే ఆయన కట్టించిన ఇల్లు కనుక దానికి హల్ హౌస్ అనే పేరు నిలిచిపోయింది.

అప్పటి షికాగో వలసవాసుల నగరం. 1890 నాటికి జనాభా పది లక్షలు దాటింది. ప్రతి నలుగురిలో ముగ్గురు వేరే దేశంలో పుట్టినవాళ్లో, వాళ్ల పిల్లలో. హల్ హౌస్ చుట్టూ ఉన్న పేటలో దక్షిణ ఇటలీ రైతులు, జర్మన్లు, ఐరిష్ వాళ్లు, బొహీమియన్లు, గ్రీకులు ఉండేవారు. రష్యాలో హింసలు భరించలేక ప్రాణాలు అరచేత పట్టుకుని వచ్చిన యూదులు ఉండేవారు. మురికి వీధులు, కిక్కిరిసిన అద్దె గదులు, చిన్న చిన్న బట్టల కార్ఖానాలు. ఆ పేటలో దిగిన మొదటి రాత్రి ఆ ఇద్దరు స్త్రీలు హడావిడిలో పక్క తలుపుకు తాళం వేయడమే కాదు, దాన్ని మూయడం కూడా మరిచిపోయారు. పొద్దున లేచి చూస్తే ఒక్క వస్తువూ పోలేదు. పొరుగువాళ్ల గురించి వాళ్లు నేర్చుకున్న మొదటి సంగతి అదే.

జేన్ ఆడమ్స్ అన్నీ తెలిసి ఆ పేటకు రాలేదు. తెలియక చేసిన పొరపాట్లను ఆమె తన పుస్తకాల్లో దాచలేదు. వాటిలో మూడు మనం తెలుసుకోవలసినవి.

పేటలోని స్త్రీలు రోజంతా కుట్టుపని చేసి, వండడానికి తీరిక లేక పిల్లలకు ఏదో ఒకటి పెడుతున్నారని గమనించి, హల్ హౌస్‌లో ఒక వంటశాల తెరిచారు. తక్కువ ఖర్చుతో ఎక్కువ పుష్టినిచ్చే వంటలను శాస్త్రీయంగా తయారు చేసి అమ్మకానికి పెట్టారు. కొనేవాళ్లు అనుకున్నంత మంది రాలేదు. ఒంటికి మంచిదేమో కానీ, నాకు నచ్చిందే నేను తింటానని ఒకామె ముఖం మీదే చెప్పేసింది. ఇటలీ నాలుకకూ, రష్యా యూదుల నాలుకకూ ఒకే గంజి ఎలా రుచిస్తుంది? ఊరుగాని ఊళ్లో ఉన్నప్పుడు పప్పన్నం, ఆవకాయ ముద్ద కోసం ప్రాణం ఎలా కొట్టుకుంటుందో మనకు తెలియనిదా? తిండి అంటే పోషకాల లెక్క మాత్రమే కాదని, అందులో ఒక మనిషి పుట్టిన ఊరు, అమ్మ చెయ్యి ఉంటాయని వాళ్లకు అప్పుడు అర్థమైంది.

రెండవది ఇంకా బాధాకరం. తల్లి వదిలేసిపోయిన ఒక పసిబిడ్డ హల్ హౌస్ శిశుశాలలో ఉండేది. ఎంత శ్రద్ధగా చూసినా ఆ బిడ్డ బతకలేదు. బంధువులెవరూ లేరు కనుక ప్రభుత్వ ఖర్చుతో పాతిపెట్టించాలని నిర్ణయించి, బండి పిలిపించారు. ఆ సంగతి తెలియగానే చుట్టుపక్కల స్త్రీలు పరుగున వచ్చారు. అనాథ శవంలా బిడ్డను పంపించేస్తారా అని నిలదీశారు. పూట గడవని ఆ ఇళ్ల నుండే చందాలు పోగుచేసి, పద్ధతిగా సమాధి చేయిద్దామన్నారు. బతికి ఉన్నన్నాళ్లూ మేము ఎంత బాగా చూసుకున్నామో చెప్పి హల్ హౌస్ వాళ్లు సమర్థించుకోబోయారు కానీ, పొరుగువాళ్ల మనసుకు తగిలిన గాయం ముందు ఆ మాటలు నిలబడలేదు. చివరి మర్యాద అనేది పేదవాళ్లకు ఎంత పెద్ద విషయమో చదువుకున్న ఆ స్త్రీలకు తెలియలేదు. చదువులేని పొరుగువాళ్లు నేర్పారు. ఆ పేటలో పుట్టి పెరిగిన వాళ్లెవరూ అలాంటి తప్పు చేసి ఉండేవారు కాదని జేన్ రాసుకుంది.

మూడవది 1893 ఆర్థిక మాంద్యం నాటిది. పని పోయిన ఒక గుమాస్తా కుటుంబం కోసం సహాయం అడగడానికి వచ్చాడు. ఎక్కడైనా పని దొరికే అవకాశం ఉంటే సహాయం ఇవ్వకూడదన్నది అప్పటి దానసంస్థల నియమం. కాలువ తవ్వకంలో పని ఉంది, వెళ్లమని జేన్ చెప్పింది. ఎప్పుడూ నీడపట్టున పనిచేసినవాడిని, చలికాలంలో ఆరుబయట పని తట్టుకోలేనని అతను చెప్పాడు. ఆమె నియమం పక్కన పెట్టలేదు. అతను వెళ్లి రెండు రోజులు కాలువ తవ్వాడు. నిమోనియా వచ్చి వారంలో చనిపోయాడు. ఇద్దరు పిల్లలు తండ్రిలేని వాళ్లయ్యారు. ఆ పిల్లలు ఎక్కడున్నదీ ఆమె తరువాత ఏళ్ల తరబడి కనిపెట్టుకునే ఉంది. వాళ్లను చూసినప్పుడల్లా, ఒక మనిషి కష్టాలు, అలవాట్లు పూర్తిగా తెలుసుకోకుండా సహాయం చేయబోతే కీడే జరుగుతుందన్న సంగతి గుర్తుకొచ్చేదని రాసింది.

ఈ పాఠాలు ఆమె పని తీరునే మార్చేశాయి. వలస వచ్చినవాళ్ల ఇళ్లలోని ఇబ్బంది ఏది చూసినా, తప్పు వాళ్లదేనని అనుకోకుండా ముందు కారణం వెతకడం ఆమెకు అలవాటైంది. హల్ హౌస్‌లో జరిగిన మొదటి క్రిస్మస్‌కు పిల్లలకు మిఠాయిలు పంచారు. కొందరు ఆడపిల్లలు తీసుకోవడానికి ఒప్పుకోలేదు. అడిగితే తెలిసింది, వాళ్లు మిఠాయి కార్ఖానాలో ఆరు వారాలుగా పొద్దున ఏడు నుండి రాత్రి తొమ్మిది దాకా పనిచేస్తున్నారు. ఆ తీపి కంటికి కనబడితేనే వాళ్లకు ఏవగింపుగా ఉంది. ఆనాడు మొదలైన విచారణ చట్టం దాకా వెళ్లింది. హల్ హౌస్‌లో నివసించిన ఫ్లారెన్స్ కెల్లీ, ఇతరులు కలిసి చేసిన కృషితో 1893లో ఇల్లినాయిస్ రాష్ట్రం 14 ఏళ్లలోపు పిల్లలను కార్ఖానాల్లో పెట్టుకోవడాన్ని నిషేధించింది. కెల్లీయే ఆ రాష్ట్రానికి మొదటి ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టర్ అయింది.

చెత్త సంగతీ అంతే. ఈ విదేశీయులు మురికి మనుషులని నగరంలో అందరూ అనేవారు. జేన్ మాత్రం ఇటలీ పల్లెటూరి స్త్రీ ఇంటి ముందు ఊడ్చి చెత్త బయట పారేస్తే అది ఎండకూ వానకూ మట్టిలో కలిసిపోతుందని, కిక్కిరిసిన నగరంలో అదే అలవాటు ఆమె బిడ్డల ప్రాణం తీస్తుందని అర్థం చేసుకుంది. ఈ సంగతి స్త్రీలకు ఓపికగా చెప్పడం ఒక ఎత్తు. చెత్త ఎత్తవలసిన కాంట్రాక్టరు పని ఎగ్గొడుతున్నాడని రుజువు చేయడం మరొక ఎత్తు. 1895లో నగర మేయరు ఆమెనే ఆ వార్డు చెత్త ఇన్‌స్పెక్టరుగా నియమించాడు. రోజూ తెల్లవారు జామున ఆరింటికే లేచి ఆమె చెత్త బండ్ల వెంట తిరిగింది. మరణాల లెక్కలో నగరంలో 3వ స్థానంలో ఉన్న ఆ వార్డు 7వ స్థానానికి దిగింది.

ఇప్పుడు మనం ఆమె చేసిన పనులన్నిటిలో సున్నితమైన దాని దగ్గరకు వద్దాం. వలస కుటుంబాల్లో పిల్లలు ఇంగ్లీషు త్వరగా నేర్చుకుంటారు, బడికి వెళతారు, కొత్త దేశపు తీరు పట్టుకుంటారు. తల్లిదండ్రులకు భాష రాదు. పాత ఊరి బట్టలు, పాత ఊరి అలవాట్లు. అమ్మానాన్నలను చూసి పిల్లలు సిగ్గుపడడం మొదలుపెడతారు. ఇంట్లో పెద్దరికం తలకిందులవుతుంది. తలపై గుడ్డ కట్టుకుని, పల్లెటూరి బూట్లు వేసుకుని వచ్చే తల్లితో కలిసి రావడానికి సిగ్గుపడి, ఒక ఇటలీ అమ్మాయి వంట తరగతికి వేరే తలుపు గుండా వచ్చేది. తండ్రికి తలవంపులని చిన్నాన్న పక్కన నడిచిన ఒకనాటి సీడర్‌విల్ పిల్లకు ఆ సిగ్గు కొత్తది కాదు.

ఒకరోజు వీధిలో ఒక ఇటలీ ముసలామె చేతి కదురుతో నూలు వడకడం జేన్ చూసింది. పిల్లలు చూసి నవ్వుతున్న ఆ అమ్మ చేతుల్లో ఎంత పనితనం ఉందో ఆమెకు తట్టింది. 1900లో హల్ హౌస్‌లో ఒక శ్రమ మ్యూజియం ఏర్పాటు చేసింది. ఇటలీ, సిరియా, రష్యా, ఐర్లాండ్ వంటి దేశాల స్త్రీలు తమ తమ పద్ధతుల్లో నూలు వడికి, బట్ట నేసి చూపేవారు. చేతి కదురు నుండి ఈనాటి మిల్లు యంత్రం దాకా వచ్చిన చరిత్ర అంతా అక్కడ కళ్లకు కట్టేది. చూసేవాళ్లలో టీచర్లు, పెద్దింటి స్త్రీలు ఉండేవారు. ఆ ఇటలీ అమ్మాయి ఒకరోజు, తన తల్లి చుట్టూ టీచర్లు నిలబడి ఆమె నూలు వడికే నేర్పును మెచ్చుకోవడం చూసింది. మీ అమ్మ ఈ దేశంలో ఉన్న మంచి పనివాళ్లలో ఒకరని జేన్ చెప్పింది. పల్లెలో తల్లి ఎంత స్వేచ్ఛగా, అందరి మధ్య బతికిందో, ఈ నగరపు ఇరుకు గదికి ఏమేమి వదులుకుని వచ్చిందో వివరించింది. ఆ తరువాత నుండి ఆ అమ్మాయి తల్లితో కలిసి ఒకే తలుపు గుండా రావడం మొదలుపెట్టింది. తండ్రి టోపీ తీసి చేసిన నమస్కారాన్ని జేన్ ఇంకొకరి తల్లికి అందించింది.

వీధుల్లో పళ్లమ్ముకునే గ్రీకు యువకులను షికాగో చిన్నచూపు చూసేది. వాళ్లతోనే హల్ హౌస్ 1903లో సొఫోక్లిస్ రాసిన ప్రాచీన నాటకాన్ని గ్రీకు భాషలో ఆడించింది. తమ జాతి ఘనత నగరానికి చూపించే అవకాశం వచ్చినందుకు ఆ యువకులు పొంగిపోయారు. మరొకసారి ఒక ఇటలీ స్త్రీ హల్ హౌస్ విందులో ఎర్ర గులాబీలు చూసి, ఇటలీ నుండి ఇంత తాజాగా ఎలా తెచ్చారని ఆశ్చర్యపోయింది. ఇక్కడే పూశాయంటే నమ్మలేదు. షికాగోకు వచ్చి ఆరేళ్లయినా ఆమె ఒక్క గులాబీని కూడా చూడలేదట. పూల దుకాణం పది వీధుల అవతలే ఉంది. ఐదు సెంట్ల టిక్కెట్టుతో పార్కుకు వెళ్లవచ్చు. కానీ తీసుకువెళ్లిన వాళ్లు ఎవరూ లేరు. కొత్త దేశమంటే ఆమెకు తెలిసింది తన మురికి వీధి ఒక్కటే.

కొత్తగా దిగేవాళ్లు రైల్వే స్టేషన్లలోనే మోసపోతున్నారని గమనించి, 1908లో హల్ హౌస్ మిత్రులు వలసవాసుల రక్షణ సంఘాన్ని స్థాపించారు. గ్రేస్ అబాట్ దాన్ని నడిపించింది. వచ్చినవాళ్ల భాష మాట్లాడగలిగే వాళ్లనే వాళ్లను కలుసుకోవడానికి పెట్టడం దాని పద్ధతి. భాష రాని ఊళ్లో మన మాట వినిపిస్తే ఎంత ధైర్యమో చెప్పనవసరం లేదు.

ఈ ప్రేమకు జేన్ వెల చెల్లించవలసి వచ్చింది. 1908 మార్చిలో లాజరస్ అవెర్‌బుక్ అనే యూదు శరణార్థి యువకుడు నగర పోలీసు అధిపతి ఇంట్లో తుపాకి కాల్పులకు చనిపోయాడు. రష్యాలో 1903 నాటి కిషినెవ్ మారణకాండ తరువాత పారిపోయి వచ్చిన కుటుంబం అతనిది. అతను చంపడానికే వచ్చాడని పోలీసులు అన్నారు. పత్రికలు యూదుల పేట మొత్తాన్ని అనుమానించాయి. జేన్ మాత్రం ముందు నిజం తేలాలని పట్టుబట్టింది, విచారణలో లాయరు ఉండేలా చూసింది. రష్యాలో పోలీసు చేతుల్లో నలిగి వచ్చినవాళ్లకు ఇక్కడి పోలీసు కూడా అలాగే కనిపిస్తే, ఈ దేశపు న్యాయాన్ని వాళ్లు ఎలా నమ్ముతారని అడిగింది. అదే ఏడాది రష్యా జారు ప్రభుత్వం రుడోవిట్జ్ అనే శరణార్థిని తమకు అప్పగించమని కోరింది. అతని పక్షాన హల్ హౌస్ వాళ్లు నిలబడ్డారు. 1909 జనవరిలో అమెరికా ప్రభుత్వం అతన్ని అప్పగించడానికి నిరాకరించింది. ఈ పనుల వల్ల హల్ హౌస్‌కు చందాలు ఇచ్చే కొందరు పెద్దలు దూరమయ్యారు.

హల్ హౌస్ సువార్త ప్రకటించే స్థలం కాదన్నది కూడా మనం చెప్పుకోవాలి. పొరుగున ఉన్నవాళ్లలో ఎక్కువమంది కేథలిక్కులు, యూదులు. సహాయం పేరుతో తమ పిల్లలను మతం మార్చేస్తారేమోనన్న భయం వాళ్లకు ఉండేది. ఆ భయానికి తావివ్వకూడదని జేన్ అనుకుంది. ఇది సంఘాల్లో చాలామందికి నచ్చలేదు. ఆనాడు విమర్శలు వచ్చాయి, ఈనాడు మనలో కొందరికీ ఇది లోటుగానే అనిపించవచ్చు. నోటితో సాక్ష్యం చెప్పడం సంఘం బాధ్యతే, అందులో సందేహం లేదు. అయితే ఆదిమ క్రైస్తవులు మనుషులను ప్రేమించిన తీరే క్రీస్తు మాటకు నిజమైన వివరణ అని ఆమె 1892లో చేసిన ప్రసంగంలో చెప్పిన సంగతిని కూడా మనం కొట్టిపారేయలేం. అన్నం పెట్టి, దానికి బదులుగా ఏదో ఆశిస్తున్నామని ఎదుటివాడికి అనిపిస్తే, మన సాక్ష్యం అక్కడే బలహీనపడుతుంది.

మొదటి ప్రపంచ యుద్ధం వచ్చినప్పుడు ఆమె పరీక్ష మరింత కఠినమైంది. ఇన్నేళ్లుగా ఒకే వీధిలో కలిసి బతికిన జర్మన్లు, ఇటాలియన్లు, రష్యన్లు శత్రువులెలా అవుతారన్నది ఆమె ప్రశ్న. 1915లో హేగ్ నగరంలో జరిగిన మహిళల శాంతి మహాసభకు అధ్యక్షత వహించింది. యుద్ధం చేస్తున్న దేశాల నాయకులను స్వయంగా కలిసి వేడుకుంది. ఒకప్పుడు ఆకాశానికెత్తిన పత్రికలే ఆమెను దేశద్రోహిలా చూశాయి. యుద్ధం ముగిశాక 1919లో క్వేకర్ విశ్వాసులతో కలిసి జర్మనీ వెళ్లి, ఆకలితో ఎముకల గూళ్లయిన పిల్లలను చూసి వచ్చి, శత్రు దేశపు పిల్లలకు తిండి పంపమని ఊరూరా అడిగింది. జనం గేలి చేశారు. 1919-20లో అనుమానం మీదనే వలసవాసులను వేల సంఖ్యలో అరెస్టు చేసినప్పుడు కూడా ఆమె నోరు మూసుకోలేదు.

1931లో ఆమెకు నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. ఆ బహుమతి అందుకున్న మొదటి అమెరికన్ మహిళ ఆమే. ప్రదానం జరిగే రోజుకు ఆమె బాల్టిమోర్‌లో ఆసుపత్రి మంచం మీద ఉంది. తన వంతు డబ్బును శాంతి కోసం పనిచేసే మహిళా సంఘానికి ఇచ్చేసింది. 1935 మే 21న షికాగోలో కన్నుమూసింది. చివరి చూపు కోసం వేలాది మంది హల్ హౌస్‌కు తరలివచ్చారు. పుట్టిన ఊరు సీడర్‌విల్‌లోనే ఆమెను సమాధి చేశారు. హల్ హౌస్ భవనాల్లో ఎక్కువ భాగాన్ని 1960లలో విశ్వవిద్యాలయం కోసం కూల్చివేశారు. మొదట కాపురమున్న ఆ పాత ఇల్లు మాత్రం మ్యూజియంగా నిలిచి ఉంది.

జేన్ ఆడమ్స్ జీవితం నుండి మన సంఘాలకు ఏమి అందుతుంది? హైదరాబాదులో లేచే ప్రతి పెద్ద భవనం వెనుక బీహారు, ఒడిశా, జార్ఖండ్ కూలీల చెమట ఉంది. ఊరి బయట ఇటుక బట్టీల్లో ఒడియా కుటుంబాలు పిల్లాపాపలతో గుడిసెల్లో ఉంటున్నాయి. మరోవైపు మన పిల్లలు డాలస్‌లోనూ న్యూజెర్సీలోనూ, మన అన్నదమ్ములు దుబాయిలోనూ కువైట్‌లోనూ పరదేశులుగా బతుకుతున్నారు. అక్కడ మనవాళ్లను ఎవరైనా చిన్నచూపు చూస్తే మన గుండె మండుతుంది. ఇక్కడ మన వీధిలోని పరదేశి మనకు కనిపిస్తున్నాడా?

క్రిస్మస్‌కు దుప్పట్లు పంచుతాం, ఫొటో తీసుకుంటాం. మంచిదే, దుప్పటి అవసరమే. అయితే ఆ దుప్పటి తీసుకున్న తల్లి పేరు మనకు తెలుసా? ఆమె భాషలో ఒక పలకరింపు నేర్చుకున్నామా? పిల్లల ముందు ఆమె చేయి చాపి ఫొటోలో నిలబడవలసి రావడం ఆమెకు ఎలా అనిపించిందో ఆలోచించామా? ఆమె పిల్లవాడు బడికి ఎందుకు వెళ్లడం లేదో, కూలి సరిగా అందుతున్నదో లేదో ఒక్కసారైనా కూర్చుని విన్నామా? ఆమె చేతిలోనూ ఏదో ఒక విద్య ఉంటుంది. ఒక పాట ఉంటుంది, ఒక వంట ఉంటుంది, మనకు తెలియని ఒక ప్రార్థన ఉండవచ్చు. సంఘ విందులో ఒక పూట ఆమె వంట మనం తింటే, ఆ పూట ఆమె మనకు ఆతిథ్యం ఇచ్చినట్టు. ఆమె బిడ్డ అది చూస్తాడు, అమ్మ పక్కన తలెత్తుకుని నడుస్తాడు.

ఎమ్మాయు దారిలో ఇద్దరు శిష్యులకు కలిసింది ఒక పరదేశి. చీకటి పడుతోందని బలవంతం చేసి వాళ్లు ఆయన్ను ఇంట్లోకి పిలిచారు. భోజనం బల్ల దగ్గర ఆ అతిథే రొట్టె పట్టుకుని, ఆశీర్వదించి, విరిచి వాళ్లకు ఇచ్చాడు. అప్పుడు గాని ఆయన ఎవరో వాళ్లు గుర్తుపట్టలేదు. పరదేశిని ఇంటికి పిలిచి, అతని చేతి రొట్టె అందుకునే వినయం ప్రభువు మన సంఘాలకు దయచేయును గాక.